5 టన్నుల క్రేన్ కావాలన్నాడు, 3 టన్నులది పెట్టించాం

"మామయ్యా, 5 టన్నుల క్రేన్ కొంటున్నా. ఏ కంపెనీది మంచిది?" పొద్దున ఏడున్నరకి మా మేనల్లుడి ఫోన్. నేనింకా టీ కూడా తాగలేదు.

"నీ షాపులో అన్నిటికన్నా బరువైంది ఏంట్రా?"

"మోల్డులు."

"ఎంతుంటాయి?"

"ఓ రెండు టన్నులుంటాయేమో."

"మరి ఐదెందుకు?"

"పక్క షెడ్డు సేట్ ఐదు పెట్టించాడు మామయ్యా."

షెడ్డుల్లో పైన పట్టాల మీద నడిచే క్రేన్ల కొనుగోళ్లు చాలావరకు ఇలాగే జరుగుతాయి. నేను 1996లో బాలానగర్‌లో ఫిట్టర్ హెల్పర్‌గా చేరాను. ఇప్పుడు చర్లపల్లిలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో మెయింటెనెన్స్ చూస్తున్నాను. క్రేన్లు కొన్నది తక్కువ, బాగు చేసింది ఎక్కువ. కాబట్టి కొనే రోజు చేసిన తప్పు ఏ రోజున బయటపడుతుందో కొంచెం తెలుసు. టన్నులు చాలక ఏడ్చిన ఓనరు నాకు దాదాపుగా తగల్లేదు. హుక్ ఎత్తు చాలక, స్తంభాలు ఆగక, మోటారు కాలి, బ్రేక్ జారి తలపట్టుకున్నవాళ్లు మాత్రం బోలెడుమంది. ఆ ఆదివారం టేపు, సుద్దముక్క పట్టుకుని జీడిమెట్లలో మావాడి షాపుకి వెళ్లాను. అక్కడ ఏం చూశామో, ఎలా లెక్క వేశామో అదే వరసలో రాస్తున్నా. మీ షాపు వేరే కావచ్చు, లెక్క మాత్రం ఇదే.

ముందు బరువు, అంచనా కాదు

మావాడి దగ్గర అన్నిటికన్నా పెద్ద మోల్డు (మోల్డింగ్ మెషీన్‌లో బిగించే స్టీలు అచ్చు) 800 × 600 × 450 మిల్లీమీటర్లు. స్టీలు ఘనపు మీటరుకు 7,850 కిలోలు. 0.8 × 0.6 × 0.45 అంటే 0.216 ఘనపు మీటర్లు, బరువు 1,700 కిలోలకు ఒక ఐదు తక్కువ. లోపల ఖాళీలు ఉంటాయి కాబట్టి అసలు బరువు ఇంకా తగ్గుతుంది, కానీ ఖాళీల్ని మనం లెక్కలోంచి తీసెయ్యం. వచ్చే ఏడు ఇంకో మెషీన్ వస్తుందట, దాని మోల్డు 2.3 టన్నులు. స్లింగులు (బరువుని హుక్‌కి తగిలించే బెల్టులు), షాకిళ్లు (వాటిని కలిపే ఇనుప లంకెలు) కలుపుకున్నా 3 టన్నులకు లోపే. అంటే 3 టన్నుల క్రేన్ చాలు.

ప్లేట్లతో పనిచేసేవాళ్లు ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు: చదరపు మీటరుకు, ఒక్కో మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు. 6.3 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల ప్లేటు దాదాపు 890 కిలోలు. మా ఖలాసీలు ఈ లెక్క కాగితం లేకుండా నోటితో చెప్పేస్తారు.

రాయి అయితే కథ వేరు. మా తోడల్లుడు చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్‌లో పనిచేస్తాడు. అక్కడి నల్ల గెలాక్సీ రాయి ఘనపు మీటరుకు దాదాపు 3 టన్నులు. 2.7 × 1.5 × 1.5 మీటర్ల బ్లాకు చూడ్డానికి పెద్ద మంచమంత ఉంటుంది, బరువు 18 టన్నులు. పైగా ఆరుబయట పట్టాల మీద నడిచే గ్యాంట్రీ క్రేన్లవి. గాలి తోసుకుపోకుండా పని అయ్యాక పట్టాకు బిగించే క్లాంపులు ఉండాలి. ఆ లైన్లో కొనేవాళ్లు క్లాంపు సంగతి టన్నులకన్నా ముందే అడగాలి.

స్లింగు కోణం గురించి ఒక మాట. ఇది క్రేన్ ఎంపికలోకి రాదనుకుంటారు కానీ వస్తుంది, ఎందుకంటే కోణం హుక్ ఎత్తుని తినేస్తుంది. ఒక టన్ను బరువుని రెండు కాళ్ల స్లింగుతో ఎత్తితే, కాలు నేలకు 60 డిగ్రీల్లో ఉన్నప్పుడు ఒక్కో కాలి మీద 577 కిలోలు పడుతుంది. 45 డిగ్రీలైతే 707. 30 డిగ్రీలకు వచ్చేసరికి ఒక్కో కాలి మీద పూర్తి టన్ను. ఎత్తు చాలని షాపుల్లో కుర్రాళ్లు ఏం చేస్తారు? పొట్టి స్లింగు వేసి కాళ్లు బార్లా చాపుతారు. హుక్ మీద బరువు మారదు, బెల్టు మాత్రం తెగుతుంది.

స్తంభాలు ఎవరివి?

మావాడి షెడ్డు అద్దెది. 9 మీటర్ల వెడల్పు, 24 మీటర్ల పొడవు, పైన రేకులు. క్రేన్ అమ్మడానికి వచ్చిన కుర్రాడు స్తంభాల్ని తట్టి చూసి "స్ట్రాంగే సార్, బ్రాకెట్లు వెల్డింగ్ చేసేస్తాం" అన్నాడట. నాకు అక్కడే టెన్షన్ మొదలైంది.

రేకుల షెడ్డు స్తంభం రేకుల బరువుకి, గాలికి లెక్క కట్టింది. క్రేన్‌కి కాదు. "మూడు టన్నులే కదా మామయ్యా, ఇటు ఒకటిన్నర, అటు ఒకటిన్నర" అన్నాడు మావాడు. క్రేన్ లోడు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుందా? హాయిస్ట్, అంటే హుక్‌ని ఎత్తి దించే మోటారు యూనిట్, ఒక చివరికి వచ్చినప్పుడు లోడు దాదాపు మొత్తం ఆ వైపు చక్రాల మీదే ఉంటుంది. నేల మీద సుద్దతో గీసి చూపించాను: లోడు 3 టన్నులు, హాయిస్ట్ 300 కిలోలు, గిర్డర్ (హాయిస్ట్ నడిచే అడ్డదూలం) బరువులో సగం ఇంకో 900 కిలోలు. నాలుగు టన్నుల పైమాట. కరెంటుతో నడిచే క్రేన్‌కి కుదుపు కింద 25 శాతం కలపమని మన ఇండియన్ స్టాండర్డ్ చెబుతుంది. అంటే 5 టన్నులు దాటింది. ఆ సమయానికి క్రేన్ ఒక స్తంభం దగ్గర నిలబడి ఉంటే ఆ 5 టన్నుల్లో చాలావరకు ఆ ఒక్క స్తంభానిదే. ఇక హాయిస్ట్ అడ్డంగా పరుగెత్తి టక్కున ఆగినప్పుడు స్తంభాన్ని పక్కకి తోసే బలం వేరే. సన్నటి స్తంభం దిగువకి బరువు మోస్తుందేమో గానీ ఈ పక్క తోపుకి ఊగుతుంది. ఊగితే పట్టాల మధ్య దూరం మారుతుంది, చక్రం అంచు పట్టాని రాసుకుంటుంది, ఆర్నెల్లలో చక్రాలు పోతాయి.

షెడ్డు కట్టిన కాంట్రాక్టరు మాట ఇక్కడ చెల్లదు. స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగు చూసి సంతకం పెట్టాలి. మావాడి షెడ్డుకి డ్రాయింగే లేదు. కాబట్టి క్రేన్‌కి సొంత స్తంభాలు వేసుకోవాలని తేల్చాం. సొంత పునాది, బేస్ ప్లేట్లు, అన్నీ బోల్టులే. వెల్డింగ్ వద్దన్నాను. రేపు ఓనరు ఖాళీ చెయ్యమంటే బోల్టులు విప్పుకుని లారీ ఎక్కించుకోవచ్చు. 24 మీటర్లూ వెయ్యలేదు, మెషీన్లు, మోల్డులు పెట్టే ర్యాక్, లారీ వెనక్కి వచ్చే చోటు కలిపి 12 మీటర్లకే క్రేన్ కావాలి. స్తంభాలు, పట్టాల ఖర్చులో అక్కడే సగం మిగిలింది.

నిజానికి ఇంకా తక్కువలో పోతుందేమో కూడా చూశాం. రోజుకొక్కసారి ఎత్తే పనైతే ట్రాలీకి తగిలించిన చైన్ కుప్పీ (చేత్తో లాగే గొలుసు కప్పీ) చాలు, కాకపోతే మీటరు ఎత్తడానికి చేతి గొలుసు పదుల మీటర్లు లాగాలి. ఒక్క మెషీన్ చుట్టూనే పనైతే జిబ్ క్రేన్, అంటే ఒకే స్తంభానికి తిరిగే చెయ్యి ఉన్నది, అన్నిటికన్నా హాయి. కానీ 4 మీటర్ల చెయ్యి చివర 2 టన్నులు వేలాడితే స్తంభం మొదట్లో 8 టన్ను-మీటర్ల వంపు పడుతుంది. మామూలు ఫ్లోరింగ్‌కి నాలుగు యాంకర్ బోల్టులు కొట్టి నిలబెట్టే వస్తువు కాదది. నిలువు కాస్త తప్పినా చెయ్యి దానంతటది పల్లానికి తిరిగిపోతుంది. చక్రాల మీద తోసుకుపోయే ఏ-ఫ్రేమ్ గ్యాంట్రీ చవకే, నేల నున్నగా ఉంటేనే. మావాడి షాపులో నేల మీద నూనె, మధ్యలో కేబుల్ కాలవ. వద్దనుకున్నాం.

వెదురుబొంగుతో హుక్ ఎత్తు

అన్నిటికన్నా ఎక్కువ సేపు గడిపింది దీని దగ్గరే. ట్రస్ (రేకుల్ని మోసే ఇనుప చట్రం) కింది కమ్మీ నేల నుంచి 5.2 మీటర్లు. హుక్ అంత ఎత్తుకి పోదు కదా. పై నుంచి దిగుతూ రండి: ట్రస్‌కి, క్రేన్‌కి మధ్య ఖాళీ 15 సెంటీమీటర్లు. గిర్డర్‌కి 50. గిర్డర్ కింద వేలాడే మామూలు రోప్ హాయిస్ట్, హుక్‌తో కలిపి, దాదాపు మీటరు. మిగిలింది 3.55.

ఇప్పుడు కింద నుంచి ఎక్కుతూ రండి. మోల్డింగ్ మెషీన్ పైభాగం 2.1 మీటర్లు. మోల్డు దాని మీదుగా పోయి లోపలికి దిగాలి, అంటే ఓ 20 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. మోల్డు ఎత్తు 60. ఐ బోల్టు, షాకిల్, స్లింగు కలిపి ఇంకో 60. మొత్తం 3.5.

మిగిలేది 5 సెంటీమీటర్లు. వెదురుబొంగు మీద 3.5 దగ్గర రిబ్బను కట్టి మావాడి చేతికిచ్చి మెషీన్ పక్కన నిలబెట్టాను. వాడు పైకి చూసి, "మామయ్యా, పైన లిమిట్ స్విచ్ కూడా ముందే ఆపేస్తుంది కదా" అన్నాడు. తెలివైనవాడే. క్రేన్ వచ్చాక ఇది తెలిసి ఉంటే ఏం చేసేవాళ్లు? పొట్టి స్లింగు, కాళ్లు బార్లా.

రోప్ హాయిస్ట్ బదులు ఎలక్ట్రిక్ చైన్ హాయిస్ట్ తీసుకుంటే మాకు 30 సెంటీమీటర్లు కలిసొచ్చాయి. మా షాపులోలాగా 10 టన్నులు, 20 టన్నులు ఎత్తేచోట డబుల్ గిర్డర్ వేస్తారు. హాయిస్ట్ గిర్డర్ల పైన కూర్చుంటుంది, హుక్ రెండింటి మధ్యలోంచి పైకి వస్తుంది, ఎత్తు బాగా దొరుకుతుంది. 3 టన్నులకు అంత అక్కర్లేదు.

ఎత్తుతో పాటు పక్కలు కూడా చూడండి. హుక్ గోడ దాకా పోదు. రెండు వైపులా దాదాపు మీటరు మేర హుక్ అందని చోటు ఉంటుంది. మావాడి మోల్డుల ర్యాక్ సరిగ్గా గోడకి ఆనించి ఉంది. క్రేన్ రాకముందే ర్యాక్‌ని జరిపించాను.

చైన్ హాయిస్ట్ మంచిదా, రోప్ హాయిస్ట్ మంచిదా అని చాలా చర్చ నడుస్తుంది. నా లెక్క చిన్నది: 5 టన్నుల లోపు, తక్కువ ఎత్తు, కచ్చితమైన చోట దించే పని అయితే చైన్. హుక్ నిటారుగా దిగుతుంది, రోప్‌లాగా డ్రమ్ము మీద పక్కకి జరుగుతూ రాదు. ఎత్తు ఎక్కువ, వేగం ఎక్కువ, రోజంతా పని అయితే రోప్.

బటన్ ఎన్నిసార్లు నొక్కుతారు?

క్రేన్లు ఎంత బరువు మోశాయన్నదాని కన్నా ఎన్నిసార్లు స్టార్ట్ అయ్యాయన్నదాంతో ఎక్కువ అరిగిపోతాయి. మావాడు "రోజుకి మూడు మోల్డులు మారుస్తాం, అంతే" అన్నాడు. వాడి సెట్టర్‌ని (మోల్డులు బిగించేవాణ్ని) ఒకసారి చైన్ కుప్పీతోనే మోల్డు దించమని చూశాను. చివరి పది సెంటీమీటర్లలో ఎన్నిసార్లు ఆపి, ఎన్నిసార్లు కదిపాడో వేళ్ల మీద లెక్కపెట్టా. ఎలక్ట్రిక్ హాయిస్ట్ అయితే అదంతా టక్ టక్ టక్ మని బటన్ నొక్కుళ్లే. పావుగంటలో 40 స్టార్టులు పడతాయి. గంటకి 160 లెక్కన మోటారు వేడెక్కుతుంది, రోజులో మిగతా సమయమంతా ఖాళీగా ఉన్నా సరే.

ఇండియన్ స్టాండర్డ్‌లో యంత్రభాగాలకు ఎం1 నుంచి ఎం8 దాకా తరగతులున్నాయి. అంకె పెరిగేకొద్దీ గట్టి పని. ఏదో నెలకోసారి పంపు ఎత్తే చోట ఎం3 చాలు. రోజూ పనిచేసే షాపుకి ఎం5కి తగ్గొద్దంటాను. కొటేషన్‌లో "హెవీ డ్యూటీ" అని రాస్తే దానికి అర్థం లేదు. తరగతి, గంటకి స్టార్టులు, సీడీఎఫ్ శాతం, ఈ మూడూ రాయించుకోండి. సీడీఎఫ్ 40 శాతమంటే పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు మోటారు తిరగొచ్చని.

ఇంకో చిన్న లెక్క. దీంతో అబద్ధం కొటేషన్లు రెండు నిమిషాల్లో దొరికిపోతాయి. టన్నుల్ని నిమిషానికి ఎత్తే మీటర్లతో గుణించి 6.12తో భాగించండి. వచ్చింది కిలోవాట్లు. గేరుబాక్సు నష్టానికి 0.8తో మళ్లీ భాగించండి. మావాడికి మూడు కొటేషన్లు వచ్చాయి. అన్నిటికన్నా చవకదాంట్లో 3 టన్నులు, నిమిషానికి 4 మీటర్లు, మోటారు 1.5 కిలోవాట్లు అని ఉంది. 3 × 4 అంటే 12, దాన్ని 6.12తో భాగిస్తే 1.96. నష్టాలు కలిపితే 2.45. విశ్వకర్మ వచ్చి మోటారు చుట్టినా 1.5 కిలోవాట్లతో ఆ బరువు ఆ వేగంతో లేవదు. ఫోన్ చేసి అడిగితే "టైపింగ్ మిస్టేక్ సార్" అన్నారు. కావచ్చు. ఆ కాగితం పక్కన పెట్టేశాం.

వేగం ఎక్కువైతే మంచిదనుకోకండి. నిమిషానికి 4 మీటర్లంటే సెకనుకి దాదాపు 7 సెంటీమీటర్లు. గైడ్ పిన్నుల మధ్యలోకి మోల్డు దించేవాడికి అది తుఫాను వేగం. రెండు స్పీడుల హాయిస్ట్ కానీ, వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని పెంచి తగ్గించే పెట్టె) పెట్టింది కానీ తీసుకోండి. మేం పదో వంతు వేగం దొరికే వీఎఫ్‌డీ తీసుకున్నాం. సెకనుకి 7 మిల్లీమీటర్లు. సెట్టర్ బటన్ టకటకలాడించే పనే లేకుండా పోయింది.

పైకి నొక్కితే కిందికి దిగిన రోజు

ఇది 2011లో, నేను అప్పుడు పనిచేసే షాపులో జరిగింది. రాత్రి లైన్లో ఏదో రిపేరు జరిగింది. పొద్దున మొదటి షిఫ్టులో ఆపరేటర్ పైకి బటన్ నొక్కాడు, హుక్ కిందికి దిగింది. నవ్వుకున్నాడు. సరే, తిరగబడిందని కిందికి బటన్ నొక్కి హుక్‌ని పైకి లేపాడు. పైన లిమిట్ స్విచ్ ఉంది కదా, అదే ఆపుతుందిలే అని పట్టి ఉంచాడు. ఆగలేదు. హుక్ బ్లాక్ పోయి డ్రమ్ముని గుద్దుకుంది, రోప్ తెగింది, బ్లాకు కింద పడింది. నేల మీద పళ్లెమంత గుంట. రెండడుగుల దూరంలో హెల్పర్ టిఫిన్ డబ్బా ఉంది, హెల్పర్ అదృష్టం కొద్దీ చేతులు కడుక్కోడానికి వెళ్లాడు.

జరిగిందేమిటంటే, మూడు ఫేజుల్లో రెండు తారుమారయ్యాయి. మోటారు తిరిగే దిశ మారింది. పై లిమిట్ స్విచ్ "పైకి" కాంటాక్టర్‌ని (ఆ దిశలో మోటారుకి కరెంటు కలిపే స్విచ్‌ని) మాత్రమే ఆపుతుంది. ఆ రోజు హుక్‌ని పైకి లాగుతున్నది "కిందికి" కాంటాక్టర్. స్విచ్ తగిలింది, పని కూడా చేసింది, దాని మాట వినే తీగ మాత్రం ఖాళీగా ఉంది.

చిన్న డబ్బాలో వచ్చే ఫేజ్ రివర్సల్ రిలే ఉంటే ఆ పొద్దున క్రేన్ అసలు స్టార్టే అయ్యేది కాదు. క్రేన్ ధరలో దాని ఖర్చు లెక్కలోకి కూడా రాదు. హాయిస్ట్‌కి వీఎఫ్‌డీ ఉంటే దిశ వీఎఫ్‌డీ చేతిలో ఉంటుంది కాబట్టి అక్కడ ఈ సమస్య రాదు, కానీ క్రేన్ మిగతా కదలికలు మామూలు కాంటాక్టర్ల మీద ఉంటే అవి తిరగబడతాయి. రిలే పెట్టించండి. దాంతోపాటు పైకి రెండు లిమిట్లు అడగండి: ఒకటి కంట్రోల్‌ని ఆపేది, రెండోది మెయిన్ సప్లైనే కోసేది. ఓవర్‌లోడ్ కటాఫ్ కూడా. బ్రేక్ కరెంటు పోగానే పట్టేసే రకమై ఉండాలి. హుక్‌కి నాలుక, అదే సేఫ్టీ లాచ్, ఉండి తీరాలి.

పాత క్రేన్ చవగ్గా వస్తోందని ఎగబడేవాళ్లకి ఒక్కటే చెబుతాను. గిర్డర్ పెయింటు మధ్యలో గీకి చూడండి. వేరే షెడ్డు కొలతకి కోసి అతికించిన జాయింటు దొరికితే వెనక్కి తిరక్కుండా వచ్చెయ్యండి. చక్రాల అంచులు ఒకే వైపు అరిగాయేమో కూడా చూడండి.

టెస్టు రోజు

క్రేన్ బిగించాక డబ్బు మొత్తం ఒకేసారి కట్టొద్దు. 10 శాతం లోడ్ టెస్టు దాకా ఆపమన్నాను. 3 టన్నులకు 125 శాతమంటే 3,750 కిలోలు. మావాడు "ఆ మోల్డులే కట్టేద్దాం మామయ్యా" అన్నాడు. ఊహూ. స్క్రాప్ బ్లాకులు లారీలో వేసి కాటా వేయించాం, చీటీ చేతిలో పెట్టుకున్నాం. నేలకి 10 సెంటీమీటర్లు ఎత్తి ఆపాం. హుక్ పక్కన పట్టీ నిలబెట్టి సుద్ద గీత గీశాను. పది నిమిషాలు ఎవరూ ముట్టుకోలేదు. గీత కదల్లేదు. తర్వాత హాయిస్ట్‌ని రెండు చివరలకీ నడిపి, స్తంభాల బేస్ ప్లేట్ల దగ్గర గ్రౌట్ (ప్లేటు కింద పోసిన సిమెంటు) పగిలిందేమో మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఆపైన మెయిన్ స్విచ్ కట్ చేయించాను, లోడు గాల్లో ఉండగా. అక్కడే ఆగింది.

1948 ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచి ఉన్న అలవాటు ప్రకారం ఏడాదికోసారి కాంపిటెంట్ పర్సన్ (తనిఖీకి గుర్తింపు ఉన్న వ్యక్తి) వచ్చి క్రేన్‌ని, గొలుసుల్ని, స్లింగుల్ని క్షుణ్ణంగా చూసి కాగితం ఇవ్వాలి. చట్టాల పేర్లు మారినా ఆ తనిఖీ మానొద్దు. పట్టాల దగ్గర ఎవరైనా పనిచేస్తుంటే క్రేన్ వాళ్లకి 6 మీటర్ల లోపలికి రాకూడదన్నది కూడా ఆ చట్టంలోదే. మావాడి షెడ్డులో బల్బు మార్చేవాడు ఎక్కే నిచ్చెన సరిగ్గా పట్టా పక్కనే వేస్తారు. క్రేన్ మెయిన్ స్విచ్‌కి తాళం పెట్టించి, నిచ్చెన ఎక్కేవాడి జేబులోనే తాళంచెవి ఉండాలన్నాను.

గిర్డర్ మీద రెండు వైపులా "3 టన్నులు" అని తెలుగులో, కింద నిలబడి చదివేంత పెద్దగా రాయించాం. చివరిగా హుక్ నోటి వెడల్పు వెర్నియర్‌తో కొలిచి, కొత్త రిజిస్టరు మొదటి పేజీలో మావాడి చేతే రాయించాను. ఎప్పుడైనా ఆ అంకె పెరిగిందంటే ఎవరో ఎక్కువ బరువు ఎత్తారని, హుక్ మార్చాలని. పెయింటర్ నిచ్చెన దిగుతుంటే మావాడు "ఐదు రాయించనా మామయ్యా, పక్క సేట్ చూస్తాడు" అన్నాడు. రిజిస్టరుతోనే నెత్తి మీద ఒకటిచ్చాను.